పిండ పరీక్ష: ఏది వ్యాధి, ఏది భేదము?

ఎల్లారెడ్డి ప్రాంతమునుండి ఒక సోదరి మా కేంద్రమునకు ఉత్తరము వ్రాసినది. శ్రోతల ఆరోగ్య ప్రశ్నలకు సమాధానములు చెప్పు కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో ఎక్కువ భాగము మోకాళ్ళ నొప్పులను గూర్చియో, చక్కెర వ్యాధిని గూర్చియో ఉండును. వానికి వైద్యులచే సమాధానములు వ్రాయించి చదివించుట మాకు అలవాటు. ఈ ఉత్తరమును మాత్రము మేము మూడు పర్యాయములు చదివి, ఎవరికి పంపవలయునో తోచక బల్లమీదనే ఉంచుకొంటిమి. అందులోని ప్రశ్న సగము వైద్యునిది. తక్కిన సగము ఎవరిదో చెప్పుట కష్టము.

ఆ సోదరి బీడీలు చుట్టును. భర్త గల్ఫు దేశమున పనిలో ఉన్నాడు. రెండేండ్లకొకసారి వచ్చి పోవును. వారిది మేనరికము. అత్తగారు ఆమెకు సొంత మేనత్తయే. మొదట మగబిడ్డ కలిగెను. చూచుటకు చక్కగా ఉండెను, పాలు త్రాగెను. పదునాలుగవ నాడు వాంతులు మొదలై, రెండు దినములలో వడలిపోయి, కామారెడ్డి చేర్చులోపలనే కన్నుమూసెను. పాలు పడలేదని కొందఱు, దిష్టి యని కొందఱు అనిరి. తరువాత ఇంకొక కాన్పు. ఈసారి పురుడు పోసిన నర్సమ్మ బిడ్డను తుడిచి చేతికెత్తుకొని, ఆడయో మగయో చెప్పక కొంతసేపు ఊరకుండెనట. బిడ్డను హైదరాబాదునకు పంపిరి. అచ్చట రక్తపరీక్షలు చేసి, ఆడపిల్లయే యనియు, గ్రంథిలోని లోపమువలన బాహ్యావయవములు కొంత మగబిడ్డ పోలికగా ఏర్పడినవనియు చెప్పి మాత్రలు వ్రాసి యిచ్చిరి. ఆ పాపకు ఇప్పుడు అయిదేండ్లు. బాగుగా ఆడుకొనుచున్నది.

ఇప్పుడు ఆ దంపతులు మఱియొక బిడ్డను కోరుచున్నారు. పిండమును గర్భములో ప్రవేశపెట్టకమునుపే పరీక్షించి, లోపము లేనిదానిని ఏరి పెట్టుటకు వీలున్నదని వారికి ఎవరో చెప్పిరి. ఆమె ప్రశ్న ఇది: “నా బిడ్డవంటి బిడ్డ మళ్ళీ పుట్టకుండ లక్షలు ఖర్చు పెట్టుట తప్పా? తప్పు కాదందురా, రేపు నా బిడ్డ పెద్దదై, ‘నావంటిది వద్దనుకొనియే గదా ఇంత చేసినారు’ అని అడిగితే నేనేమి చెప్పాలె?”

ఆమె పేరును, ఊరును మేము చెప్పము. వివరములు ఒకటి రెండు మార్చితిమి కూడ. ప్రశ్న మాత్రము ఆమెదే.

ముందు ఆ పాప శరీరములో జరిగినదేమో తెలిసికొందము. మన రెండు మూత్రపిండములమీద టోపీలవలె అడ్రినల్ అను చిన్న గ్రంథులు కూర్చుండియుండును. అవి కార్టిసోల్ అను రసమును, శరీరములో ఉప్పును నిలిపియుంచు మఱియొక రసమును తయారు చేయును. ఆ తయారీకి ఒక ఎంజైము అవసరము. దానికి సంబంధించిన జన్యువు ఆరవ క్రోమోజోముమీద ఉన్నది. తల్లినుండి వచ్చిన ప్రతియు, తండ్రినుండి వచ్చిన ప్రతియు, రెండును చెడినపుడు ఎంజైము ఉండదు. కార్టిసోల్ చాలలేదని మెదడు గ్రంథిని తరుముచుండును, గ్రంథి ఉబ్బిపోవును, చేయవలసిన రసమును చేయలేక, చేతనైన పురుష హార్మోనులను అధికముగా చేయును. దీనిని వైద్యులు క్లుప్తముగా సి.ఏ.హెచ్. అందురు. గర్భములో ఉన్నది ఆడశిశువైనచో ఆ హార్మోనుల ప్రభావమున బాహ్యావయవములు మగపోలిక దాల్చును. గర్భాశయము, అండాశయములు మాత్రము యథాతథముగనే ఉండును. మగశిశువైనచో పైకి ఏ తేడాయు కనబడదు.

ఆ ఇంట జరిగినదంతయు ఇందువలననే. ఈ లోపము తీవ్రముగా ఉన్నపుడు శరీరము ఉప్పును నిలుపుకొనలేదు. పుట్టిన రెండు మూడు వారములలో వాంతులు, నీరసము కలిగి రక్తములో సోడియము పడిపోవును, పొటాషియము పెరుగును. గుర్తింపనిచో ప్రాణము పోవును. మగబిడ్డలో హెచ్చరిక చేయు గుర్తు ఏదియు లేకపోయెను గనుక అతడు పోయెను. ఆడబిడ్డ శరీరము వేఱుగా ఉన్నది గనుక నర్సమ్మ తటపటాయించినది, ఆ తటపటాయింపువలన పరీక్ష జరిగినది, పరీక్షవలన బిడ్డ దక్కినది. ఏ భేదమును చూచి ఇంటివారు సిగ్గుపడిరో ఆ భేదమే ఆ బిడ్డ ప్రాణము కాచినది. ఈ సంగతి మేము చెప్పువఱకు ఆ సోదరికి ఎవరును చెప్పియుండలేదు.

ఇది అరుదైన రోగమని తోసివేయుటకు వీలు లేదు. 2000వ సంవత్సర ప్రాంతమున హైదరాబాదులో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో పుట్టిన సుమారు 18,300 మంది శిశువుల రక్తమును పరీక్షించిరి. వారిలో ప్రతి 2,575 మందికి ఒకరు చొప్పున ఈ లోపముతో కనబడిరి. ఇతర దేశములలో పది పదునైదు వేలకు ఒకరని లెక్క. మన ప్రాంతమున మేనరికములు, మేనమామ పెండ్లిండ్లు ఎక్కువగుట ఇందుకు ఒక కారణమని వైద్యులు తలచుచున్నారు. ఒకే తాత, ఒకే నాయనమ్మలనుండి దిగివచ్చిన చెడిన ప్రతి భార్యాభర్తలిద్దఱిలోను దాగియుండుటకు అవకాశము హెచ్చు. అట్లు దాగియున్నచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు భయము. మేనరికము చేసికొన్నందులకు ఆ దంపతులను నిందింపుడని మేము ఈ మాట చెప్పుట లేదు. తరతరములుగా పొలమును, పిల్లను దూరము పోనీయక నిలుపుకొన్న ఆచారమది, దానికి కారణములున్నవి.

ఈ విషయము గూర్చి మేము కామారెడ్డిలో కొందఱు వైద్యులతో మాటలాడితిమి. అటుపిమ్మట బస్సెక్కి ఎల్లారెడ్డి పోయి, మంత్రసాని పని ఏనాడో మానివేసిన ఒక వృద్ధురాలిని చూచితిమి. తన చేతులమీదుగా ఇటువంటి బిడ్డలు ముగ్గురో నలుగురో పుట్టిరని ఆమె చెప్పినది. అట్టి సమయమున తల్లికి ఏమి చెప్పితివని అడిగితిమి. “ఏం జెప్త బిడ్డా? ఆడివిల్లనే అన్న. ముందుగాల తల్లి పాలియ్యాలె గద!” అన్నది. ఆ బిడ్డలు ఏమైరని అడుగగా ఆమె మాటలాడలేదు.

పిండ పరీక్ష జరుగు విధము వినుటకు సులభము, అనుభవించుటకు కాదు. స్త్రీకి పది పండ్రెండు దినములు ఇంజెక్షన్లిచ్చి అనేక అండములను ఒకేసారి పక్వము చేసి, సూదితో వెలికి తీయుదురు. ప్రయోగశాలలో వీర్యకణముతో కలిపి పిండములను అయిదారు దినములు పెంచుదురు. అప్పటికి పిండము నూటికి పైబడిన కణముల చిన్న బంతి. ముందుముందు మావిగా మారవలసిన వెలుపలి పొరనుండి అయిదు మొదలు పది కణములను గీరి తీసి, పిండమును గడ్డకట్టించి భద్రపఱచి, ఆ కణములలోని జన్యువును చదువుదురు. చెడిన ప్రతులు రెండును గలిగిన పిండములను ప్రక్కకు పెట్టి తక్కినవానిలో ఒకదానిని గర్భమున ఉంచుదురు. అది నిలుచునన్న నమ్మకము లేదు. పలుమార్లు చేయవలసి రావచ్చును. ఖర్చు లక్షలలో ఉండును. బీడీల కట్టలతో లక్ష ఎన్ని యేండ్లకు అగునో ఎల్లారెడ్డివారికి మేము చెప్పనక్కఱలేదు.

ఈ విద్య చరిత్రలో ఒక విశేషమున్నది. పరీక్షానాళికలో ఫలించిన అండమునుండి తొలి శిశువు 1978 జూలై 25న ఇంగ్లండులో జన్మించినది. అదే యేడు అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన మన దేశమునందును అట్టి శిశువు కలిగినది; ఆయనను అప్పటి పెద్దలు నమ్మలేదు, 1981లో ఆయన ఆత్మహత్య చేసికొనెను. పిండమును పరీక్షించి ఎన్నుకొనుట మాత్రము లండనులోని హామర్స్‌మిత్ ఆసుపత్రిలో అలన్ హ్యాండిసైడ్ బృందమువారు ప్రారంభించిరి. 1990లో ఫలితములు ప్రకటించిరి. ఆ తొలి పరీక్ష దేనికి? పిండము ఆడదా మగదా అని తెలిసికొనుటకు. మగబిడ్డలకు మాత్రమే వచ్చు కొన్ని వంశవ్యాధులున్న కుటుంబములలో ఆడపిండములను ఎన్నుకొనుటకై అట్లు చేసిరి. ఉద్దేశము మంచిదే. ఐనను ఈ విద్య పుట్టిననాడే లింగమును చూచి ఎన్నుకొనుట నేర్చినదన్న మాట మఱవరాదు.

మన దేశమున ఆ ద్వారమును మూసివేసిరి. గర్భస్థ శిశువు లింగమును తెలుపరాదను చట్టము 1994లో వచ్చి 1996 జనవరి 1నుండి అమలైనది; 2003లో దానిని సవరించి, గర్భమునకు ముందు జరుగు పరీక్షలకును వర్తింపజేసిరి. కామారెడ్డిలో ఏ స్కానింగు గదికి పోయినను ఇచ్చట లింగ నిర్ధారణ చేయబడదని తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసిన పలక గోడమీద ఉండవలెను. చట్టము జాబితా చేసిన కారణములకు మాత్రము పరీక్షలు చేయవచ్చును: క్రోమోజోముల తేడాలు, జన్యుసంబంధమైన జీవరసాయన వ్యాధులు, రక్తములోని హీమోగ్లోబిన్ వ్యాధులు, లింగముతో ముడిపడిన వ్యాధులు, పుట్టుకతో వచ్చు వైకల్యములు. 2021నాటి కృత్రిమ గర్భధారణ నియంత్రణ చట్టము కూడ, ముందే యెఱిగియున్న వంశపారంపర్య జన్యువ్యాధుల కొఱకే పిండమును పరీక్షింపవచ్చుననియు, లింగమును బట్టి ఎన్నుకొనుట నేరమనియు చెప్పుచున్నది.

సి.ఏ.హెచ్. ఈ జాబితాలో నిస్సందేహముగా ఇముడును. అది శిశువులను చంపు జీవరసాయన వ్యాధి. చిక్కు అచ్చట లేదు. ‘క్రోమోజోముల తేడా’, ‘వైకల్యము’ అను మాటలు ఎంత దూరము సాగునన్నది చిక్కు.

ఆడ మగ అని మనము గీసిన గీతకు సరిగా ఒక ప్రక్క నిలువని శరీరములు అనేకములు కలవు. ఇట్టివారిని ఇంగ్లీషున ఇంటర్‌సెక్స్ అనుచున్నారు. తెలుగున స్థిరపడిన గౌరవవాచకము లేదు. ఉన్న మాటలలో ఎక్కువ తిట్లే. కావున మేము ఆ మాటనే వాడుదుము. హిజ్రాలతో వీరిని కలిపివేయుట పొరపాటు. 2011 జనాభా లెక్కలలో స్త్రీ పురుషులు కాక ‘ఇతరులు’ అని వ్రాయించుకొన్నవారు నాటి ఆంధ్రప్రదేశములో 43,769 మంది. వారిలో ఇంటర్‌సెక్సువారు ఎందఱో ఆ లెక్క తెలుపదు. ఇంటర్‌సెక్సువారిలో పెక్కుమంది స్త్రీలుగనో పురుషులుగనో పెరిగి, అట్లే తమ్ము తామెఱిగి, అట్లే జీవింతురు. మన పురాణముల శిఖండిని, బృహన్నలను ఇచ్చటికి లాగుట కూడ సబబు కాదు. ఒకరికి వరము, ఒకరికి శాపము. ఈ పిల్లలకు ఆ రెండును లేవు. చరకసంహిత శారీరస్థానములో మాత్రము ఇట్టి జన్మలకు శాపములను గాక శుక్రశోణితములలోని కారణములను వెదకిరి. ఆ కారణములు నేడు నిలువకపోవచ్చును; వెదకిన చోటు సరియైనదే.

కొన్ని ఉదాహరణములు చెప్పుదుము. ఒక బాలికకు క్రోమోజోములు పురుషునివలె ఎక్స్, వై. కాని ఆమె కణములు పురుష హార్మోనును గ్రహింపలేవు. అందువలన పుట్టుకనుండి శరీరము స్త్రీదే, మనస్సు సాధారణముగా స్త్రీదే, గర్భాశయముండదు. పదునాఱేండ్లు వచ్చినను రజస్వల కాలేదని తల్లి ఆసుపత్రికి తీసికొనిపోయిననాడు తెలియును. మఱియొక లోపములో, పుట్టినపుడు ఆడపిల్ల యనుకొన్న బిడ్డ పండ్రెండేండ్ల ప్రాయమున గొంతు మాఱి, కండలు పెరిగి బాలుడగును. డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక గ్రామమున ఇట్టివారు పలువురున్న సంగతి 1974లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ ఊరివారికి అది అద్భుతము కాదు. వారికి అలవాటైనది, దానికి ఒక పేరు కూడ పెట్టుకొనిరి. ఇంకను ఎక్స్ ఒకటి అదనముగా ఉన్న పురుషులు వేయికి ఒకరిద్దఱు ఉందురు. అందు పెక్కుమంది సంతానము కలుగలేదని పరీక్ష చేయించుకొనువఱకు తమ సంగతి తామెఱుగరు.

ఇట్టివారందఱును కలిసి ఎందఱు? అమెరికాలో అన్ ఫాస్టో-స్టెర్లింగ్ అను జీవశాస్త్రజ్ఞురాలు నూటికి 1.7 అని లెక్క కట్టినది. లెనార్డ్ సాక్స్ అను వైద్యుడు 2002లో దానిని త్రోసిపుచ్చి, పదివేలకు ఇద్దఱి కంటె తక్కువ యన్నాడు. లెక్కలలో ఇంత తేడా వచ్చుటకు కారణము శరీరములు కావు. ఎవరిని చేర్చవలెనన్న నిర్ణయము. గీత ఎచ్చట గీచిన అచ్చట అంకె వచ్చును. పిండమును ఏరునపుడును జరుగునది ఇదియే, కాని అచ్చట అంకెకు బదులు ఒక మనిషి ఉండుటయో లేకుండుటయో తేలును.

ఇంగ్లండులో పిండ పరీక్షలకు అనుమతి నిచ్చు సంస్థ తన జాబితాలో సి.ఏ.హెచ్.తోపాటు హార్మోనును గ్రహింపలేని ఆ స్థితిని కూడ చేర్చినది. మొదటిది శిశువును చంపగలదు. రెండవదానిలో సంతానము కలుగదు, లోపలి గ్రంథులలో కంతులు పుట్టు కొద్దిపాటి భయమున్నది. అంతకు మించి ఆ స్త్రీ ఆరోగ్యవంతురాలే. రెండింటిని ఒకే జల్లెడలో పోయుట న్యాయమా?

2013లో ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్ స్పారో అను నీతిశాస్త్ర ఆచార్యుడు ఈ ప్రశ్ననే చర్చించెను. ప్రాణాపాయమున్న స్థితులకు పరీక్ష తగునని అతడు తేల్చెను. ప్రమాదము లేని భేదముల విషయమున కూడ తల్లిదండ్రుల పక్షమున వాదము మనము తలచినంత బలహీనము కాదనెను. లోకము ఆ బిడ్డను బాధించును గదా, ఆ బాధ తప్పించుట తల్లిదండ్రుల ధర్మము కాదా యని ఆ వాదము. కాని అతడే మఱల, ఈ వాదము నొప్పుకొన్నచో అది అచ్చట ఆగదు, లోకము బాధించు ఏ భేదమునైనను పుట్టకముందే తొలగింపుమనుచు సాగిపోవును, అది కలవరము కలిగించు సంగతి యని వ్రాసెను. జార్జియన్ డేవిస్ అను సమాజశాస్త్రజ్ఞురాలు అతనికి సమాధానముగా, ఇంటర్‌సెక్సువారు పడు బాధ శరీరమునుండి గాక సంఘమునుండి వచ్చుచున్నదనియు, వారిని పుట్టకుండ చేసినచో బ్రతికియున్నవారిమీద ముద్ర మఱింత గాఢమగుననియు వాదించినది. ఆమెయు స్వయముగ ఇంటర్‌సెక్సు వ్యక్తియే.

ఈ వాదము తెలుగువారికి క్రొత్త కాదు. ఆడపిల్ల పుట్టినచో కట్నము ఇచ్చుకొనలేము, ఆమె కష్టపడును, మేము కష్టపడుదుము, కావున ముందే తెలిసికొనుట మేలను మాట మనము విన్నదే. ఆ మాటలో అబద్ధము లేదు. కట్నము నిజము, కష్టము నిజము. అయినను చట్టము దానిని ఒప్పుకొనలేదు. తప్పు కట్నములో ఉన్నది, పిల్లలో లేదని చెప్పినది. స్కానింగు గదిలోని ఆ పలక అర్థము అంతే. మఱి బడిలో వెక్కిరింతురు, పెండ్లి కాదు, ఊరిలో తలయెత్తుకొనలేము అను కారణములతో ఒక బిడ్డను వద్దనునపుడు, ఆ పలకమీది న్యాయము ఆ బిడ్డకు ఏల వర్తింపదు? చట్టములో ఒక చిత్రమైన సందు కూడ కలదు. ప్రయోగశాల పిండము ఆడదని గాని మగదని గాని తల్లిదండ్రులకు చెప్పరాదు. కాని ఎక్స్ ఒకటి అదనముగా ఉన్నదని గాని, ఒకటి తక్కువైనదని గాని ‘తేడా’ క్రింద చెప్పుటకు దారి యున్నది. ఆడ, మగ అను రెండింటిలో దేనిని ఏరివేసినను నేరమగు చోట, ఆ రెంటికి మధ్యనున్నదానిని ఏరివేయుట చికిత్స యగుచున్నది.

ఈ వాదమును మేము బలముగనే నమ్ముచున్నాము. అయినను నగరములో కూర్చుండి వాదించుటకు, ఆ సోదరి ఇంటిలో నిలుచుటకు తేడా గలదు. పాపకు జ్వరము వచ్చినచో మాత్రల మోతాదు హెచ్చింపవలెను. వాంతులై మాత్ర నిలువనిచో వెంటనే ఇంజెక్షను ఇయ్యవలెను, లేనిచో గంటలలో ప్రమాదము. ఆ మాత్రలు ఊరి దుకాణములో దొరకవు. కామారెడ్డినుండియో హైదరాబాదునుండియో తెప్పించుకొనవలెను. రాత్రివేళ వాహనము దొరకదు. భర్త సముద్రముల కావల. ఒక బిడ్డను మట్టి చేసిన తల్లి ఇంకొకసారి ఆ భయమును వద్దనుకొనుట నేరమని చెప్పు నోరు మాకు లేదు. భేదమును గౌరవింపుడని చెప్పి, భారమంతయు ఒక్క స్త్రీ తలమీద పెట్టుట కూడ న్యాయము కాదు.

కావున మేము ఆమెకు వ్రాసిన జాబులో మొదట ఒక వైద్యవిషయమునే చెప్పితిమి. ఆమెకు పరీక్షానాళిక తప్ప మార్గము లేదన్న మాట నిజము కాదు. సహజముగా గర్భము ధరించినను నాలుగింట మూడు వంతులు బిడ్డకు ఈ రోగము రాదు. వచ్చినను, ఈ ఇంటిలో ఆ జన్యువున్నదని ఇప్పుడు తెలియును గనుక, పుట్టిన రెండు దినముల పిమ్మట మడమనుండి తీసిన నెత్తుటి చుక్కలతో తేల్చుకొనవచ్చును. ఉప్పు పడిపోకమునుపే మందు మొదలుపెట్టవచ్చును. మొదటి బిడ్డ పోయినది రోగముతో అనుటకంటె, తెలియకపోవుటతో అనుటయే సరి. గోవా, కేరళ ప్రభుత్వములు నవజాత శిశువులకు ఇట్టి పరీక్షలు చేయు కార్యక్రమములు నడపినవి. సంపన్నులకు మాత్రమే అందు పిండ పరీక్షను గూర్చి ఇంత చర్చ జరుగుచుండగా, ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో చేయదగిన ఈ నెత్తుటి చుక్క పరీక్షను గూర్చి మాట్లాడువారు తక్కువ. ఇది మాకు కోపము తెప్పించు సంగతి.

ఇదంతయు తెలిసికొన్న పిమ్మటను ఆ దంపతులు పిండ పరీక్షకే పోదలచినచో, అది తప్పని మేము చెప్పము. ఒక్క సంగతి మాత్రము వారు తమలో తాము తేల్చుకొనవలెనని వ్రాసితిమి: తప్పించుకొనగోరునది ఉప్పు పడిపోవు రోగమునా, బిడ్డ శరీరపు రూపమునా? జన్యువు ఒకటే యగుటచే ప్రయోగశాలకు ఈ తేడా అక్కఱలేదు. పాపకు చెప్పవలసిన సమాధానము మాత్రము దీనిమీదనే ఆధారపడియున్నది. “మీ అన్నను తీసికొనిపోయినదానికి భయపడితిమి, నీకు కాదు” అని చెప్పవచ్చును. కాని ఆ మాట నిజమైననే చెప్పవలెను, పిల్లలు తెలిసికొందురు.

ఆమె అడుగకున్నను ఇంకొక సంగతియు చేర్చితిమి. ఇట్టి బిడ్డలకు పసితనముననే శస్త్రచికిత్స చేసి అవయవములను ‘సరిదిద్ది’, ఆ సంగతి ఎవరికిని, బిడ్డకు సైతము చెప్పరాదను పద్ధతి 1950 ప్రాంతమున అమెరికాలో, ముఖ్యముగా జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో రూపొంది లోకమంతటికి వ్యాపించినది. అట్లు పెరిగినవారు పెద్దవారై, తమ్మడుగక కోసిన కోతను గూర్చియు, దాచిన నిజమును గూర్చియు బహిరంగముగ చెప్పుకొనిరి. 2015లో మాల్టా దేశము అట్టి శస్త్రచికిత్సలను నిషేధించెను. మన దేశమున మద్రాసు హైకోర్టులో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ 2019 ఏప్రిల్ 22న ఒక వివాహ నమోదు వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ప్రాణాపాయ సందర్భములలో తప్ప శిశువులపై ఇట్టి శస్త్రచికిత్సలు చేయరాదని ప్రభుత్వమును ఆదేశించిరి; అదే యేడు ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వము ఉత్తరువు వెలువరించినది. తమిళనాడులో జరిగినది మన రాష్ట్రములో జరుగలేదు. పాపకు శస్త్రచికిత్స చేయింపుడని ఎవరైన తొందరపెట్టినచో, ఆమె పెద్దదై తానే చెప్పువఱకు ఆగవచ్చునా యని వైద్యుని అడుగుమని వ్రాసితిమి.

మన ప్రాంతమునకు ఈ విషయమున గర్వపడదగిన చరిత్ర లేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి నిజాం రాజ్యములోనివైయున్న 1919లో, అనగా 1329 ఫసలీలో, నపుంసకులను గూర్చిన ఒక చట్టము హైదరాబాదున పుట్టినది. వైద్యపరీక్షలో నపుంసకుడని తేలిన వ్యక్తియు దాని నిర్వచనములోనికి వచ్చును. అనుమానితుల పేర్లు, చిరునామాలు పోలీసులు పుస్తకములో వ్రాసియుంచవలెను. స్త్రీవేషమున వీధిలో కనబడినను, పాడినను, ఆడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. రాజ్యము పోయినను, రాష్ట్రములు మాఱినను ఆ చట్టము పుస్తకములలో అట్లే యుండెను. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. నూట నాలుగేండ్లు శరీరమును బట్టి మనిషిని అనుమానితుల పుస్తకములో వ్రాసిన నేలమీద, ఒక తల్లి తన బిడ్డ భవిష్యత్తుకు భయపడినదన్నచో ఆ భయము ఆమె ఊహించుకొన్నది కాదు.

ఆ సోదరినుండి రెండవ ఉత్తరము వచ్చినది. పిండ పరీక్ష సంగతి ఇంకను తేల్చుకొనలేదట. భర్త సెలవుమీద వచ్చిన పిమ్మట ఇద్దఱును హైదరాబాదు పోయి, ముందు తమ ఇద్దఱి రక్తము పరీక్ష చేయించుకొందురట. మేనత్త మొదట కోపించి, తరువాత తన పుట్టింట చిన్నతనముననే వాంతులై పోయిన తమ్ముని సంగతి ఒకటి చెప్పినదట. ఆ మాట ఆ ఇంట ఇన్నాళ్ళు ఎవరును ఎత్తలేదు. పాప ఈ జూనులో బడిలో చేరినది. దరఖాస్తులో బాలిక అని వ్రాయించిరి. మాత్రల డబ్బా ఒకటి టీచరమ్మ వద్ద ఉంచి, జ్వరము వచ్చినచో మోతాదు ఎంత పెంచవలెనో, ఎవరికి ఫోను చేయవలెనో కాగితముమీద వ్రాసి డబ్బా మూతకు అంటించితినని ఆమె తెలిపినది.